దిగినవాళ్ళ పుస్తకం

"...అంటే డాక్టరు అబద్ధమాడుతున్నాడా, ఎక్స్‌రే అబద్ధమాడుతోందా?"

"ఎవరూ ఆడట్లేదు తల్లీ. దిగడం మానెయ్యమనలేదు, తగ్గించమన్నాడు అంటున్నా."

"తగ్గించడమంటే ఏంటి? ఇరవై రెండు మలుపుల్లో పదకొండు దిగి ఆగిపోతావా? తప్పిపోయినవాణ్ణి సగం వెతుక్కొస్తావా?"

వంటగది కిటికీ బయట గొట్టం పట్టుకుని నిలబడ్డ నీళ్ళ ట్యాంకరు డ్రైవరు లోపలికి వినపడేలా దగ్గాడు.

"అక్కా, తొట్టి నిండింది."

"నిండితే ఆపు. దగ్గుతావెందుకు?"

"బావ సంగతి తేలాక ఆపుదామని."

"అది తేలేలోపు నా ఇల్లు మునుగుతుంది. ఆపు."

ఆమె చెంగుతో చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, తొట్టి మీద రేకు మూసి, ఎగిరిపోకుండా రాయి పెట్టింది. అక్కడ రాయి పెట్టకుండా ఏదీ నిలవదు. వెనక ఆమె భర్త గుమ్మం పట్టుకుని ఒక్కో మెట్టూ దిగాడు. ఇంటికున్నవి మూడే మెట్లు. మూడూ దిగేలోపు మొహం రెండుసార్లు ముడుచుకుంది. ఆమె చూసింది. తను చూసినట్టు ఆయన చూశాడు.

రెండు గదుల ఇల్లు, ఇంటి ముందు రేకుల చావడి, చావడిలో బల్ల, బల్ల మీద పుస్తకం. పందొమ్మిదేళ్ళుగా ఆమె ఉద్యోగమంతా అంతే. చుట్టూ ఎత్తు మీది ఎడారి. మోకాలెత్తు ముళ్ళ తుప్పలు, బూడిద రంగు గులకరాళ్ళు, ఎటు చూసినా బల్లపరుపు. బస్సు దిగినవాళ్ళు నాలుగు వైపులా చూసి, తమను మోసం చేసి తీసుకొచ్చారన్న మొహం పెట్టి, "లోయ ఎక్కడండీ?" అని ఆమెనే అడుగుతారు. చావడి వెనక ముప్పై అడుగులు వేస్తే నేల ఉన్నట్టుండి తెగిపోతుంది. ఎర్ర రాతి పొర, దాని కింద పసుపు, దాని కింద బూడిద, అన్నిటికన్నా అడుగున నది, ఎవరో జారవిడిచిన పచ్చ దారంలా ఉంటుంది. మొదటి ఏడాది ఆ ప్రశ్నకి నవ్వేది. ఇప్పుడు తలెత్తకుండా పెన్నుతో చూపిస్తుంది.

నదిదాకా దిగే దారి ఒక్కటే. దిగేవాళ్ళందరూ పుస్తకంలో రాయాలి: పేరు, ఊరు, దిగిన వేళ. ఎక్కి వచ్చాక మళ్ళీ బల్ల దగ్గరికొచ్చి, తిరిగొచ్చిన వేళ రాసి సంతకం పెట్టాలి. మూడున్నరకి దారి మూసేస్తారు. అప్పటికి ఎవరి పేరు ఎదుటైనా గడి ఖాళీగా ఉంటే ఆమె భర్త దిగి వెతకాలి. ఆఫీసు కాగితాల్లో ఆయన దారి కాపలాదారు. డ్రైవర్లందరికీ బావ. ఆమె పుస్తకమక్క.

తన కళ్ళతో చూడని మనిషికి ఆమె తిరిగొచ్చిన గడి నింపనివ్వదు. ఆ పట్టింపు ఆఫీసు చెప్పింది కాదు, ఆమె సొంతం. "రాసెయ్యక్కా, మావాళ్ళు బస్సెక్కేశారు" అని డ్రైవర్లు బతిమాలతారు. "నువ్వు చూశావు, నేను చూళ్ళేదు. దించు" అంటుంది. తిట్టుకుంటూ దిగుతారు. పైకి ఎక్కి వచ్చేసరికి మనుషులకి కాళ్ళు తప్ప ఇంకేదీ గుర్తుండదు. నీళ్ళు కనబడితే నీళ్ళ వైపు, నీడ కనబడితే నీడ వైపు పోతారు. వాళ్ళను పట్టుకుని బల్ల దగ్గరికి తోలుకురావడంతోనే ఆమెకి తల ప్రాణం తోకకొస్తుంది.

ఆ నెలలో ఆయన అప్పటికే మూడుసార్లు ఉత్తినే దిగాడు. పక్షుల ఫొటోలు తీసే మనిషొకడు దిగేటప్పుడు ముద్దుపేరు రాసి, ఎక్కాక అసలు పేరు రాశాడు. లెక్క ప్రకారం దిగని మనిషి పైకొచ్చాడు, దిగిన మనిషి రాలేదు. కొత్తగా పెళ్ళయిన జంట కింద పోట్లాడుకుని వేరువేరు బండ్లలో వెళ్ళిపోయారు. పెళ్ళికొడుకు సంతకం పెట్టాడు. మీ ఆవిడేదని అడిగితే, "ఆ మాట నన్నడక్కండి" అని వెళ్ళిపోయాడు. మూడోవాడు గంటన్నర మరుగుదొడ్లో ఉన్నాడు. ఆయన తొమ్మిదో మలుపు దగ్గర ఉండగా, వాడు చేతులు కడుక్కుంటూ వచ్చి, "ఎవరో తప్పిపోయారటగా, పాపం" అన్నాడు.

మోకాలి చిప్ప కింద మెత్తటి పొర అరిగిపోయిందని డాక్టరు చెప్పాడు. ఎక్కడం కన్నా దిగడమే చేటు. ఇలాగే దిగితే ఏడాది తిరక్కుండా ఆ కాలు మడతపడడం మానేస్తుందన్నాడు. ఆ మాట ఆమె ముందే అన్నాడు. అందుకే ఆయన "తగ్గించమన్నాడు" అన్నప్పుడల్లా ఆమెకి ఒళ్ళు మండుతుంది.

అలాగని ఆయన్ని ఆపే దారీ లేదు. పదకొండేళ్ళ కింద ఒక బడిలో వంట చేసే మనిషి చీలమండ విరిగి పంతొమ్మిదో మలుపు దగ్గర పడి ఉంది. ఆమెతో వచ్చినవాళ్ళు ఆమె ముందు బస్సులో వెళ్ళిందనుకున్నారు. గడి ఖాళీగా ఉండబట్టి ఈయన దిగాడు. పంతొమ్మిది మలుపులూ వీపు మీద మోసుకొచ్చాడు. ఆ రోజు నుంచి, ఉత్తిదేనయ్యా ఆగు అని ఆమె అంటే, "ఉత్తిదేనని రాసిస్తావా?" అంటాడు. ఆమె రాసివ్వదు. రాత దగ్గర ఆమె పట్టింపేమిటో ఆయనకి తెలుసు.

ఆ రోజు పదింటికి రిటైరైన ఉపాధ్యాయుల బస్సు వచ్చింది. పదకొండు మంది. వయసులో పెద్దగా కనపడుతున్నది లెక్కల మాస్టారు. పెద్దరికం చేస్తున్నది మాత్రం ముప్పై ఏళ్ళు హెడ్మాస్టరుగా చేసినాయన. అందరికన్నా ముందు ఆయనే బల్ల దగ్గరికొచ్చాడు.

"ఈ రిజిస్టరు గీసిందెవరమ్మా?"

"నేనే సార్."

"గీతలు వంకరపోయాయి."

"గాలి సార్."

"గాలికి గీతలు వంకరపోతాయా?"

"స్కేలు పోతుంది సార్."

ఆయన అద్దాలు సర్దుకుని పేజీ వెనక్కి తిప్పాడు. ఇంకో పేజీ తిప్పాడు. వెనక పది మంది ఎండలో నిలబడ్డారు.

"ఇక్కడ ఖాళీలున్నాయే! ఇదిగో, ఇక్కడా ఉంది. రిజిస్టర్లో ఖాళీ వదలకూడదమ్మా. తనిఖీకి వస్తే మొదట చూసేది అదే."

"వాళ్ళు సంతకం పెట్టకుండా వెళ్ళిపోయారు సార్. నేను చూళ్ళేదు."

"వెళ్ళిపోయారని తెలుసుగా?"

"తర్వాత తెలిసింది సార్."

"తెలిశాక నింపాలి."

"సార్, మీరు రాయండి. ఎండెక్కుతోంది."

ఆయన గుండ్రటి అక్షరాలతో, ఒక్కొక్కటీ చెక్కినట్టు రాశాడు. రాసి, అద్దాలు తీసి పెట్టెలో పెట్టి బల్ల మీద ఉంచాడు. "కింద వంగితే జారి పడతాయి. జాగ్రత్తమ్మా, నాకు ఇంకో జత లేదు." ఆమె ఆ పెట్టెను పుస్తకం మీది పేపర్‌వెయిట్ పక్కన పెట్టింది. లెక్కల మాస్టారు చివర రాస్తూ, నది ఎన్నింటిదాకా ఉంటుందని అడిగాడు. ఆమె మొహం చూసి, "అంటే, చూడనివ్వడం" అన్నాడు.

రెండున్నరకి వాళ్ళు ఎక్కి వచ్చేసరికి ఇంకో రెండు వ్యాన్ల జనం కూడా అప్పుడే వచ్చి బల్ల చుట్టూ మూగారు. పెన్ను కోసం తోసుకున్నారు. దారంతో కట్టి ఉన్న పెన్నుని ఎవరో దారంతో సహా లాగారు. గాలికి ఇంకు ఎండిపోయి పెన్ను రాయడం మానేసింది. ఇంకో పెన్ను వెతికి, పేర్లు చూపించి, ఒక్కొక్కళ్ళ చేతా రాయించి తలెత్తేసరికి ఉపాధ్యాయుల బస్సు లేపిన దుమ్ము మాత్రమే కనబడింది.

మూడున్నరకి స్కేలు పెట్టి పేజీ అడుగున గీత గీసింది. పైనుంచి వేలితో లెక్కపెట్టుకుంటూ వచ్చి ఆగింది. హెడ్మాస్టారి పేరు ఎదుట ఖాళీ. బల్ల మీద ఆయన అద్దాల పెట్టె.

బస్సు ఎక్కితే అద్దాలు తీసుకోకుండా ఎలా ఎక్కుతాడు? అక్కడ సెల్‌ఫోన్లు పనిచేయవు. చావడిలో ఉన్న ఫోను ఆఫీసుకి తప్ప ఇంకెక్కడికీ పోదు. ఆఫీసరుకి చేసింది.

"బస్సులో ఉన్నాడేమో సార్. చెక్‌పోస్టు దగ్గర ఆపించి చూస్తే..."

"చెక్‌పోస్టులో ఇవాళ ఎవరూ లేరమ్మా. గడి ఖాళీగా ఉందా లేదా?"

"ఉంది సార్. కానీ మా ఆయన మోకాలు..."

"ఖాళీ అంటే ఖాళీయే. పంపించండి."

ఫోను పెట్టేసి తిరిగేసరికి భర్త బెంచీ మీద కూర్చుని మోకాలికి పట్టీ బిగిస్తున్నాడు.

"అద్దాలు ఇక్కడే ఉన్నాయంటే మనిషి కిందే ఉన్నాడు. ఇది ఉత్తిది కాదే."

"నీళ్ళు రెండు సీసాలు పట్టుకో" అంది. ఆయన పుస్తకంలో తన పేరు రాశాడు. మూడు నలభై అయిదు. పెళ్ళాం ముందు కూడా రాయాల్సిందే. ఊతకర్ర తీసుకుని, అంచు దాటి, కుడికాలు ముందు పెట్టి ఎడమకాలు దాని పక్కకి చేర్చుకుంటూ, మెట్టుకి రెండు అడుగుల లెక్కన దిగిపోయాడు.

గంట గడిచింది. అయిదింటికి పావుగంట తక్కువలో దూరంగా దుమ్ము లేచింది. ఉపాధ్యాయుల బస్సు. ఆగీ ఆగకముందే హెడ్మాస్టారు దిగాడు. చేతులు ముందుకు చాచుకుంటూ బల్ల దగ్గరికొచ్చాడు.

"నా అద్దాలున్నాయామ్మా? బతికించావు."

ఆమె లేచి నిలబడింది.

"మీరు ఎప్పుడు ఎక్కి వచ్చారు?"

"అందరితో పాటే. బస్సులో పడుకున్నాను. కాళ్ళు నావి కావనిపించిందంటే నమ్ము. ఊరు దగ్గరపడ్డాక పేపరు చదువుదామని చూసుకుంటే అద్దాల్లేవు."

"సంతకం పెట్టలేదేం సార్?"

"అద్దాల్లేకుండా సంతకం ఎలా పెట్టను?"

"అద్దాలు ఈ బల్ల మీదే ఉన్నాయి కదా!"

"ఉన్నాయని కనపడాలంటే అద్దాలుండాలిగా." ఆయన అద్దాలు పెట్టుకుని, ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తున్న ఆమె మొహం చూసి తగ్గాడు. "ఏమైందమ్మా?"

"మా ఆయన మిమ్మల్ని వెతకడానికి దిగాడు. మోకాలు బాగాలేని మనిషి. గంటైంది."

"అయ్యయ్యో. కేక వెయ్యండి మరి."

మధ్యాహ్నం దాటితే లోయలో గాలి కింది నుంచి పైకి వీస్తుంది. కింది మాట పైకి వస్తుంది, పై మాట కిందికి పోదు. అయినా ఆమె అంచు దగ్గరికి వెళ్ళి నోటి చుట్టూ చేతులు పెట్టుకుని అరిచింది. ఎదుటి గోడ ఆమె గొంతునే వెక్కిరించినట్టు తిప్పి పంపింది. కింద ఎక్కడా ఏదీ కదల్లేదు. ఆయన సంగతి ఆమెకి తెలుసు. నదిదాకా వెళ్తాడు. అక్కడ లేడని తిరిగిరాడు, ఒడ్డు వెంట ఇసకలో రెండు వైపులా చీకటి పడేదాకా వెతుకుతాడు. ఆ తర్వాత ఎక్కాలి. ఇప్పుడు వెళ్ళి ఆపితే కనీసం అడుగున ఉన్న మలుపులు మిగులుతాయి.

"నేనెళ్దునక్కా," అన్నాడు బస్సు డ్రైవరు దూరం నుంచే. "నాకు అంచు దగ్గర నిలబడితేనే కళ్ళు తిరుగుతాయి. మూడో మలుపు దాకా అయితే..."

"నువ్వు పడితే నీకోసం ఇంకొకళ్ళు దిగాలి. ఉండు."

"నేను వెళ్తానమ్మా, తప్పు నాది," అన్నాడు హెడ్మాస్టారు. ఆ మాట అంటూ పక్కనున్న స్తంభం పట్టుకున్నాడు.

"మీరు ఇక్కడ కూర్చోండి సార్," అంది ఆమె పుస్తకం ఆయన వైపు తిప్పుతూ. "ఫోను మోగితే, ఇద్దరం కిందున్నామని చెప్పండి. మేమొచ్చేదాకా కదలొద్దు. చీకటి పడ్డా రాకపోతే మీరే ఆఫీసుకి ఫోను చెయ్యండి, మనుషుల్ని పంపిస్తారు." తన పేరు రాసింది. దిగిన వేళ నాలుగు యాభై అయిదు.

చేరిన కొత్తలో ఒక్కసారే ఆమె ఆ దారి దిగింది. ఒక్కసారి చాలనుకుంది. మలుపు మలుపుకీ తెల్ల రంగుతో అంకెలున్నాయి. ఆరో మలుపు దాటాక పై గాలి ఆగిపోయి, పగలంతా కాగిన రాతి వేడి మొహానికి కొట్టింది. పదో అంకె దగ్గర నది మొత్తం కనిపించింది. వేల మంది దూరాలనుంచి దానికోసమే వస్తారు. దారం కాదు, వెడల్పుగా, రాళ్ళ మీద నురగతో, చప్పుడుతో పోతోంది. బాగానే ఉంది అనుకుంది, ఆగకుండా.

పద్నాలుగో మలుపు దగ్గర ఆయన రాతికి చేరగిలబడి, కాలు ముందుకు చాచుకుని కూర్చుని ఉన్నాడు. పట్టీ విప్పేశాడు. మోకాలు వాచి తొడంత ఉంది. ఆమెను చూసి కంగారుగా లేవబోయాడు.

"నువ్వెందుకొచ్చావు? పుస్తకం ఎవరి దగ్గరుంది?"

"ఇక్కడ కూర్చుని పుస్తకం గురించి అడుగుతున్నావా నన్ను!"

"దొరికాడా?"

"బస్సులో నిద్రపోయాడు. అద్దాలకోసం తిరిగొచ్చాడు."

ఆయన నది వైపు చెయ్యి చూపించాడు. "అక్కడ ఏదో తెల్లగా కనపడింది. ఆయన టోపీ అనుకున్నా. దానికోసం ఈ పక్కన రాళ్ళ మీద నుంచి దిగబోయా. అప్పుడు పోయింది కాలు."

"టోపీయేనా?"

"ప్లాస్టిక్ సంచి."

ఆమె ఆయన పక్కన కూర్చుంది. ఒక సీసా ఖాళీ. రెండోదాంట్లో సగం ఉంది. అది ఆయన చేత తాగించి, చెంగు చింపి మోకాలికి కట్టింది. "చించావేంటే, కొత్తది" అన్నాడు. "మాట్లాడకు" అంది.

ఎక్కడానికి గంటంపావు పట్టింది. ఒక చెయ్యి కర్ర మీద, ఒక చెయ్యి ఆమె భుజం మీద. మలుపుకి ఒకసారి ఆగారు. ఎనిమిదో మలుపు దగ్గర ఆయన, "నన్నిక్కడ వదిలేసి నువ్వెళ్ళి ఎవర్నైనా తీసుకురా" అన్నాడు. "ఎవర్ని? ఎవరున్నారు?" అంది ఆమె. మిగతా దారిలో ఇద్దరి మధ్యా వచ్చిన మాటలు అంకెలే. అయిదు. నాలుగు. మూడు.

పైకి వచ్చేసరికి ఆకాశం అంచున ఎరుపు మిగిలి ఉంది. బస్సు దీపాలు వేసుకుని, ఇంజను ఆన్‌లో పెట్టుకుని ఉంది. హెడ్మాస్టారు బల్ల దగ్గర లేడు. బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి ఉన్నాడు.

"వచ్చేశారా! హమ్మయ్య. మావాళ్ళు ఒకటే గోల, ఆలస్యమైందని. నేనే ఆపాను. వెళ్ళొస్తానమ్మా."

ఆమె భర్తని బెంచీ మీద కూర్చోబెట్టి, ఇద్దరి వేళలూ రాయడానికి పుస్తకం దగ్గరికెళ్ళింది. ఆ గళ్ళు నిండి ఉన్నాయి. ఆయన పేరు ఎదుట, ఆమె పేరు ఎదుట, గుండ్రటి అక్షరాలతో, తిరిగొచ్చిన వేళ అయిదు నలభై. హెడ్మాస్టారి గడీ నిండింది. పేజీ వెనక్కి తిప్పింది. పక్షుల మనిషి ముద్దుపేరు ఎదుటి గడి నిండింది. కొత్త పెళ్ళికూతురు గడి నిండింది. నెలల కిందటి ఖాళీలు కూడా, ఒక్కటి వదలకుండా, ఆయనకి తోచిన వేళలతో, చక్కగా, వరసగా.

పుస్తకం చేత్తో పట్టుకుని బస్సు దగ్గరికి నడిచింది.

"ఇది మీరు రాశారా సార్?"

"ఊరికే కూర్చోవడం ఎందుకని. ఇప్పుడు చూడు, ఎంత నీటుగా ఉందో. ఎవరొచ్చి తనిఖీ చేసినా వేలెత్తి చూపలేరు."

"అయిదు నలభైకి మేం కిందున్నాం."

"అదే, మీరు అప్పటికి వస్తారని అంచనా వేసి..."

"రాకపోతే?"

"వచ్చారుగా."

"రాకపోయుంటే, రేపు పొద్దున ఎవరైనా ఈ పుస్తకం చూస్తే, మేం ఇంట్లో పడుకున్నామనుకునేవాళ్ళు సార్."

"అబ్బే. వచ్చేవాళ్ళే కదమ్మా మీరు. అందరికన్నా ఈ దారి బాగా తెలిసినవాళ్ళు." నిజంగానే ఆశ్చర్యపోయాడు. ముప్పై ఏళ్ళ పాటు ఖాళీలు నింపిన మనిషికి తను చేసిన తప్పేమిటో అంతుపట్టలేదు. "మీవారికి వేడినీళ్ళ కాపడం పెట్టండి" అని చెప్పి లోపలికెళ్ళాడు. కిటికీ దగ్గర కూర్చుని చెయ్యి ఊపాడు. లెక్కల మాస్టారు కూడా ఊపాడు. బస్సు వెళ్ళిపోయింది.

ఆమె చావడిలోకి వచ్చింది. భర్త బూటు విప్పడానికి వంగి, చెయ్యి అందక అలాగే ఆగిపోయి ఉన్నాడు. ఆమె కింద కూర్చుని బూటు విప్పింది. కాలు కదిపితే ఆయన పళ్ళు బిగించాడు. మడతపడుతుందేమోనని మెల్లగా వంచి చూసింది. సగం కూడా వంగలేదు.

"తెల్లారితే వాపు తగ్గుతుందిలే" అన్నాడు.

ఫోను మోగింది. ఆఫీసరు.

"ఏమైందమ్మా? దొరికాడా ఆయన?"

"తప్పిపోలేదు సార్."

"మంచిది. పుస్తకం సరిపోయిందిగా?"

"అన్ని గళ్ళూ నిండాయి సార్."

"శభాష్. రేపు మూడు బస్సులున్నాయి, గుర్తుందిగా? ఎనిమిదింటికల్లా దారి తెరిచి ఉంచండి. ఆయన్ని కాస్త ముందే సిద్ధంగా ఉండమనండి."

ఆమె భర్త వైపు చూసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు, వద్దు, ఏమీ అనకు అన్నట్టు.

"రేపు దారి తెరవను సార్," అంది ఆమె. "ఎల్లుండీ తెరవను. దిగడానికి ఇంకో మనిషిని మీరు పంపేదాకా తెరవను. చూడ్డానికొచ్చినవాళ్ళు పైనుంచి చూసి వెళ్తారు."